డూగల్ తడిడబ్బా

మా పొలం గేటు గొళ్ళెం చప్పుడు వింటే ఎవరొచ్చారో చెప్పేస్తాను. అలవాటు లేనివాళ్ళు దాన్ని విసిరికొట్టి పోతారు, వెనకాలే నా గొర్రెలు రోడ్డెక్కుతాయి. గొళ్ళెం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేశాక అనుమానమొచ్చి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తే మాత్రం అది డూగల్ గిల్ఫెడర్. మా ఆయన బతికున్నప్పటి నుంచీ అంతే. మటౌరా నది మా పొలం చివర మోచెయ్యిలా వంపు తిరుగుతుంది. ఆ వంపులో విల్లో చెట్ల నీడన ట్రౌట్ చేపలుంటాయి. వాటి కోసం వస్తాడు.

చూస్తే ఈ పనికి పుట్టినవాడిలా ఉండడు. మాంసం ఫ్యాక్టరీలో గొర్రెల తోళ్ళు ఒలిచి ఒలిచి చేతులు రోకళ్ళలా తయారయ్యాయి. మెడ అనేది లేదు. నడిస్తే వంటింట్లో కప్పులు గలగలలాడతాయి. అలాంటి మనిషి కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, దోమంత ఉత్తుత్తి ఈగని వెంట్రుకంత దారానికి ముడేస్తుంటే చూడాలి. నేను సూదిలో దారం ఎక్కించలేక తంటాలు పడుతుంటే చేతిలోంచి లాక్కుని ఎక్కించి ఇస్తాడు.

"నీ చూపు పోయింది నెట్టా," అంటాడు.

"నా చూపుకేం, సూది బెజ్జాలే ఇప్పుడు చిన్నవి చేస్తున్నారు," అంటాను.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, సాయంత్రాలు ఖాళీ లేకపోయిందన్నాడు ఒకసారి. మా ఆయన పోయాక, డూగల్ ఇంకా నదికే వస్తున్నాడా లేక నెట్టా స్పీర్స్ వంటింటికి వస్తున్నాడా అని ఊళ్ళో నవ్వుకున్నారట. ఆ మాట నా చెవిన వేసిన పుణ్యాత్మురాలితో, నదికి పోయేవాడికి చీజు చుట్టలు పెడతాను కానీ చాడీలు మోసేవాళ్ళకి టీ కూడా పొయ్యనని చెప్పి పంపించాను. రొట్టె ముక్కలో చీజూ ఉల్లిపాయా పెట్టి చుట్టి, వెన్న రాసి కాల్చిన చుట్టలు మా ఇంట్లో చేసినట్టు ఈ దక్షిణపు కొసలో ఇంకెవరూ చెయ్యలేరు. అది నేను గొప్పకి చెప్పుకోవడం కాదు, తిన్నవాళ్ళని అడగండి.

చేపని మోసం చేసే ఆ ఈగలన్నీ డూగల్ చిన్న కొక్కేల మీద తన చేత్తోనే కడతాడు. ఒంటికి కుందేలు బొచ్చు, మెడ చుట్టూ మా కోడిపుంజు ఈక. పుంజు పేరు బెయిలీ. దాని మెడ ఈకలు తుప్పు రంగులో మొదలై అంచుకొచ్చేసరికి బూడిద రంగుకి తిరుగుతాయి. అలాంటి పుంజు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. నన్ను చూస్తే కాళ్ళ మీద పొడిచే ఆ దరిద్రపు పక్షి, డూగల్ చంకలో మాత్రం పసిపిల్లలా ఒదిగి ఈకలు పీకించుకుంటుంది.

నీటి మీద తేలే ఈగతో ట్రౌట్‌ని పట్టడంలో అసలు కిటుకంతా చివరి రెండు మూరల దారంలో ఉందంటాడు డూగల్. గాలం కర్ర ఎంత ఖరీదైనదైనా, ఈగ ఎంత అందంగా ఉన్నా, ఈగని పట్టుకునుండే ఆ కొసదారం కుదరకపోతే ఇంటికి పోయి పడుకోవడం మేలట. లావుదైతే బిరుసుగా ఉండి, నీటితో పాటు పోవాల్సిన ఈగని పక్కకి ఈడుస్తుంది. బతికున్న పురుగు అలా అడ్డంగా పోదని చేపకి తెలుసు. సన్నదైతే ఈగ హాయిగా సాగిపోతుంది, చేప నమ్ముతుంది, మింగుతుంది, ఆ తరవాత దారం పుటుక్కుమంటుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో నిలబడాలి.

ఆ దారాలకి నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. మొదటిసారి విన్నప్పుడు, "ఆ లెక్క పెట్టినవాడు తాగి ఉన్నాడా?" అన్నాను.

"కాదు నెట్టా. మా నాన్న కాలంలో నైలాను ఎక్కడిది? పట్టుపురుగు కడుపులోంచి లాగిన తీగ వాడేవాళ్ళు. దాన్ని రేకుకి పెట్టిన కంతలోంచి లాగి సన్నం చేసేవాళ్ళు. ఎన్నిసార్లు లాగితే అంత నంబరు."

"ఇప్పుడెవరూ లాగట్లేదు కదా."

"నంబరు మిగిలిపోయింది."

"నీలాగే," అన్నాను. నవ్వి ఇంకో చుట్ట తీసుకున్నాడు.

ఆ తండ్రి పేరు శాండీ. కొడుక్కి ఆస్తేమీ ఇవ్వలేదు కానీ ఒక డబ్బా ఇచ్చాడు. అరచేతిలో పట్టే గుండ్రటి అల్యూమినియం డబ్బా. లోపల మందపాటి ఉన్నిగుడ్డ బిళ్ళలు రెండు, వాటి మధ్య ఉంగరాలుగా చుట్టిన కొసదారాలు. పట్టుపురుగు తీగ ఎండితే గాజులా పెళుసెక్కి విరిగిపోయేదట. తడిలో నానితే మెత్తగా, గట్టిగా ఉండేదట. అందుకని డూగల్ ఇంకా పొట్టి లాగుల్లో ఉన్నప్పుడే, "ఈ గుడ్డ ఎండనిచ్చావంటే నువ్వు నా కొడుకువి కాదు" అని చెప్పి ఆ డబ్బా చేతిలో పెట్టాడు శాండీ. మా ఇంటికి రాగానే డూగల్ చేసే మొదటి పని కుళాయి కింద ఆ గుడ్డ తడపడం. చర్చిలో పాదిరి గిన్నె పట్టుకున్నంత భక్తిగా మూత బిగించి, జేబులో పెట్టుకుని, అప్పుడు కుర్చీ లాక్కుంటాడు. ఏళ్ళ తరబడి చూశాను. టోపీ తీసి మేకుకి తగిలించడం ఎలాగో అదీ అలాగే అనుకున్నాను.

ఒక యేడు వానలు పడలేదు. మా వైపు జనవరి అంటే నడివేసవి, ఆ ఎండలకి నది పిక్కల్లోతుకి దిగింది. నీళ్ళు కడిగిన గాజులా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. మనకి చేప కనపడినట్టే చేపకీ మనం కనపడతాం. డూగల్ జన్మంతా వాడిన నాలుగో నంబరు దారాన్ని అవి ఈసడించుకున్నాయి. ఐదోదానికి దిగాడు. చేపలు పడ్డాయి, దారం తెగింది. ఆరోదానికి దిగాడు. ఇంకా బాగా పడ్డాయి, ఇంకా బాగా తెగింది.

"ఏమైంది ఇవాళ?" అంటే, "పెద్దది. ఈగతో సహా పోయింది," అనేవాడు. మర్నాడూ అదే పాట. పోయిన చేప ప్రతిసారీ పెద్దదే ఎందుకవుతుందో నేను అడగలేదు. మగవాళ్ళని కొన్ని అడగకూడదు.

ఒక పొద్దున ఆవులు నీళ్ళు తాగే చోట, ఒడ్డున చచ్చిపడున్న ట్రౌట్ కనపడింది. తలకాయ ఇంత, ఒళ్ళు రిబ్బనంత. తిండి లేక చచ్చింది. నోరు తెరిచి చూస్తే గొంతులో కొక్కెం, దానికి తుప్పు రంగు ఈక, అంచున బూడిద రంగు.

దాన్ని పాత పేపరు మీద పెట్టి, వంటింటి బల్ల మీద డూగల్ కుర్చీ ముందు ఉంచాను. సాయంత్రం వచ్చాడు, గుడ్డ తడుపుకున్నాడు, కూర్చున్నాడు.

"ఇదేంటి?"

"చేప. నీకు తెలిసే ఉండాలి."

కళ్ళద్దాలు పెట్టుకుని వంగాడు.

"ఆ ఈక ఎవరిది?" అన్నాను.

"బెయిలీది."

"ముడి ఎవరిది?"

కళ్ళద్దాలు తీసి మడిచాడు.

"బెయిలీకి ముడెయ్యడం రాదు. పట్టుకుని తింటే తిను, నేనేమీ అనను. వదిలిపెడితే వదిలిపెట్టు, అదీ నీ ఇష్టం. గొంతులో ఇనుము దిగేసి ఆకలితో మాడ్చి చంపడమేంటి? ఇలాంటిది ఇంకొక్కటి కనపడిందంటే గేటుకి గొలుసేస్తాను డూగల్."

మా వైపు గేట్లకి గొళ్ళేలే కానీ తాళాలుండవు. అడిగి, గేటు మూసి, ఎవరి పొలంలోంచైనా నదికి పోవచ్చు. ఒక మనిషి మొహాన గొలుసు బిగించారంటే ఆ కబురు నది పొడుగునా పాకుతుంది. నెట్టా స్పీర్స్ ఊరికే వెయ్యదు కదా అని మిగతా పొలాలవాళ్ళు కూడా మొహం తిప్పుకుంటారు. ఆ సంగతి డూగల్‌కి తెలుసు.

"నువ్వు వేస్తావు," అన్నాడు. అడగడం కాదు, ఒప్పుకోవడం.

"నేను అన్న మాట ఎప్పుడైనా మింగానా?"

"లేదు. అదే నా భయం."

చేపని పేపర్లో చుట్టుకుని పోయి, నా గులాబీ మొక్క కింద పాతిపెట్టి వచ్చాడు. ఆ పూట చుట్టలు ముట్టలేదు.

మర్నాటి నుంచి నాలుగో నంబరే కట్టాడు. నేను కంచె అవతల దూడల్ని తోలుతున్నట్టు నటిస్తూ, "ఏమన్నా పడిందా?" అని అరిచేదాన్ని.

"వస్తున్నాయి. మూతి పెట్టి వాసన చూస్తున్నాయి. నా మొహం చూసి పోతున్నాయి."

"నీ మొహం చూస్తే నేనైనా పోతాను. దారం మార్చు."

దారం మార్చాడు. గోర్ ఊళ్ళో గాలం సామాన్ల కొట్టు నడిపే బ్లేర్ దగ్గర కొత్తరకం దొరుకుతోందని విని పోయి తెచ్చాడు. ఫ్లోరోకార్బనట. నీళ్ళలో వేస్తే చేప కంటికి ఆనదట. నైలానుకన్నా గట్టిదట, రాపిడికి ఆగుతుందట. రెండ్రోజులు పెళ్ళికొడుకులా తిరిగాడు. మూడోనాడు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"కనపడలేదా దారం?"

"కనపడలేదు. ఈగ కూడా కనపడలేదు. ఆ దారం నీళ్ళకన్నా బరువు, ఈగని కిందికి లాక్కుపోయింది. మునిగే ఈగలకి బాగుంటుందట, తేలే వాటికి నైలానే మేలట. బ్లేర్ ఇప్పుడు చెప్తున్నాడు."

"కొనకముందు చెప్పలేదా?"

"నేను తేలే ఈగలకని చెప్పలేదు."

ఆ తరవాత కర్ర తీయడం మానేశాడు. సాయంత్రం వంపు దగ్గర పురుగులు ఉసిళ్ళలా నీటి మీద లేస్తుంటే, చేపలు బుడుంగుబుడుంగుమని వాటిని మింగుతుంటే, ఒడ్డున కూర్చుని చూసి వచ్చేవాడు. లావు దారంతో వేస్తే చేప రాదు. సన్న దారంతో వేస్తే తెగి ఇంకో చేప చస్తుంది, గొలుసు పడుతుంది. గొలుసు నేను అప్పటికే కొట్టంలోంచి తీసి గేటు పక్క మేకుకి తగిలించాను. మాట అన్నాక ఏర్పాటు కూడా కనపడాలి. పోతూ వస్తూ దాన్ని చూసేవాడు, అయినా గొళ్ళెం రెండుసార్లు లాగి చూడటం మానలేదు. నాకు అన్నం సయించలేదంటే అబద్ధం, నేను ఎప్పుడూ సుష్టుగానే తింటాను. కానీ చేసిన చుట్టలు మిగిలిపోయి కుక్కకి పెడుతుంటే చెయ్యి రాలేదు.

ఒక సోమవారం చాలారోజులకి నాలుగు చినుకులు పడ్డాయి. బట్టలు ఆరేసిన తాడు చూస్తే నడుం విరిగినట్టు కిందికి వేలాడి, దుప్పట్లు బురదలో పొర్లుతున్నాయి. తిట్టుకుంటూ లోపలికి తెచ్చాను. డూగల్ కుళాయి దగ్గర నిలబడి డబ్బా తడుపుతున్నాడు. చేపలు పట్టకపోయినా ఆ పని మానలేదు.

"పాడు నైలాను తాడు," అన్నాను. "ఎండలో వీణ తీగలా ఉంటుంది, చినుకు పడితే చాలు సాగిపోతుంది. మా అమ్మ కాలం నాటి జనపతాడే నయం, తడిస్తే ఇంకా బిగిసేది."

అన్నాక నా చూపు డూగల్ చేతిలోని డబ్బా మీద పడింది.

"డూగల్, ఆ దారం పురుగు కడుపులోంచి వచ్చిందా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? నైలాను."

"ఫ్యాక్టరీలో పుట్టినదానికి నీళ్ళెందుకు తాగిస్తున్నావు?"

కుళాయి కట్టేశాడు. "ఏమన్నావు?"

"నా తాడు తడిస్తే నీరసపడుతోంది. నీ దారం వారాల తరబడి నానుతోంది. నాలుగో నంబరు లావుగా ఉంది కాబట్టి ఎంత నీరసపడినా ఇన్నాళ్ళూ లాక్కొచ్చింది. సన్నదానికి పోగొట్టుకోవడానికి ఏముంది?"

"దారం సంగతి నాకు చెప్తున్నావా?"

"తాడు సంగతి చెప్తున్నాను."

"ఈ డబ్బా ఎండకూడదన్నాడు మా నాన్న." గొంతు పెరగలేదు కానీ మొహం ఎర్రబడింది. "నది గురించి ఆయనకి తెలియంది నీ బట్టల తాడుకి తెలుసా?"

టోపీ తీసుకుని పోయాడు. ఆ సాయంత్రం గొళ్ళెం ఒక్కసారే చప్పుడైంది.

గొర్రెలు పోకుండా నేనే వెళ్ళి ఇంకోసారి లాగి చూసి వచ్చి, బ్లేర్‌కి ఫోన్ చేశాను.

"నైలాను నీళ్ళు పీలుస్తుంది మిసెస్ స్పీర్స్," అన్నాడు. "పీలిస్తే మెత్తబడి బలం తగ్గుతుంది. ముడి బిగించేటప్పుడు కాస్త ఉమ్మి తడి చాలు, లేకపోతే రాపిడికి వేడెక్కి పాడవుతుంది. నదిలో తడిసే కాసేపటికి ఏమీ కాదు, మిగతా వేళ పొడిగా, చీకట్లో ఉంచుకోవాలి. ఎందుకడుగుతున్నారు? ఎవరన్నా నానబెడుతున్నారా ఏంటి?"

"ఎవరూ లేరులే. ఊరికే అడిగాను," అని పెట్టేశాను. ఆ ఫోన్ సంగతి డూగల్‌కి ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటే తెలుసుకోనీ.

మర్నాడు భోజనాల వేళకి వచ్చాడు. పలకరింపు లేదు. జేబులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. ఇంకో జేబులోంచి బ్లేర్ దగ్గర కొన్న ఐదో, ఆరో నంబరు నైలాను చుట్టలు తీశాడు, ఇంకా కాగితం విప్పనివి.

"గొర్రెపిల్లలకి పాలు పోసే చిన్న బకెట్ ఇవ్వు," అన్నాడు.

ఇచ్చాను. దూలానికి పంది మాంసం వేలాడదీసే కొక్కెం ఉంది. డబ్బాలోంచి తడి ఐదో నంబరు తీసి, ఒక కొస కొక్కేనికీ ఒక కొస బకెట్‌కీ కట్టాడు. పాల జగ్గుతో నీళ్ళు కొద్దికొద్దిగా పొయ్యమన్నాడు. నేను పోస్తుంటే దారాన్నే చూస్తూ నిలబడ్డాడు. టక్కున తెగింది. బకెట్ పడి నా నేలంతా నీళ్ళు.

ఐదో నంబరు కొత్త చుట్టలోంచి అంతే పొడుగు పొడి దారం తెంచి కట్టాడు. ముడిని నాలిక మీద తడి చేసి బిగించాడు. పోశాను. ఇందాక తెగిన చోటు దాటింది. ఇంకో కప్పు పోశాను, ఆగింది. ఇంకో కప్పు. బకెట్ అంచు దాకా వచ్చి, నీళ్ళు పొర్లి నా చెప్పుల్లోకి కారాయి. దారం ఊగుతోంది, తెగలేదు.

"మళ్ళీ," అన్నాడు. మళ్ళీ చేశాం. ఆరో నంబరుతోనూ చేశాం. ఎన్నిసార్లు చేసినా తడిదే ముందు ఓడిపోయింది. చివరికి బల్ల దగ్గర కూర్చుని డబ్బా మూత వేళ్ళతో తిప్పుతూ ఉండిపోయాడు.

"నా చేత్తోనే నానబెట్టి చెడగొట్టుకున్నాను, ఇన్నేళ్ళూ," అన్నాడు. "ఆయన చెప్పాడని."

నేల తుడుస్తున్నాను కాబట్టి మొహం ఎత్తకుండా మాట్లాడటం తేలికైంది. "మీ నాన్న పురుగు సంగతి చెప్పాడు. పురుగు సంగతి నిజమే చెప్పాడు. ఫ్యాక్టరీ దారం చేతికొచ్చి ఉంటే ఆయనా ఇలాగే బకెట్ కట్టి చూసేవాడు. అప్పుడు ఏ ఆడదాని నేల పాడయ్యేదో మరి."

కొంచెంసేపటికి కుర్చీ కిర్రుమంది. "చుట్టలున్నాయా?" అన్నాడు.

ఉన్నాయి. అన్నీ తిన్నాడు.

సాయంత్రం నదికి పోయాడు. నేనూ పోయాను. దూడల వంక కూడా పెట్టుకోలేదు. నా పొలం, నా నది ఒడ్డు, నన్నెవరు అడుగుతారు? విల్లో కొమ్మల కింద ఒక చేప వరసగా పురుగుల్ని మింగుతోంది. డూగల్ పొడి ఐదో నంబరు కట్టి, ముడి మీద ఉమ్మేసి బిగించి, కొసదారానికి మెరుపు పోయేలా ఒడ్డు బురద రాశాడు. ఆ చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. మామూలుగా నా తువ్వాలుకి తుడుస్తాడు.

ఈగ తేలుతూ పోయింది. కొమ్మ నీడలోకి పోయింది. ముక్కు ఒకటి పైకి లేచింది, ఈగ లేదు. కర్ర విల్లులా వంగింది.

చేప చెట్టు వేళ్ళ కిందికి పోవాలని గుంజింది. డూగల్ అటు పోనివ్వలేదు. ఆరో నంబరైతే పోనివ్వాల్సి వచ్చేదని తరవాత చెప్పాడు. మీదికి లాగలేదు, వదల్లేదు, నీళ్ళలో దాని పక్కనే నడిచాడు, బెదిరిన గొర్రెని దొడ్డిలోకి తోలినట్టు. వల కింద పెట్టి ఎత్తాడు.

"నెట్టా. ఇలా రా."

బూట్లతోనే నీళ్ళలోకి దిగాను. చేప బలంగా, పసుప్పచ్చగా ఉంది. పెదవికి ఒకవైపు ఇప్పటి ఈగ, రెండోవైపు ఇంకోటి. అదే తుప్పు రంగు, అంచున అదే బూడిద రంగు. దాని వెనక జానెడు ఆరో నంబరు దారం, వడలిపోయిన మొలకలా వంకరలు తిరిగి.

రెండూ తీశాడు. ఆ రోకలి వేళ్ళతో చేపకి నొప్పి తెలియకుండా ఎలా తీశాడో నాకు తెలియదు. చేపని నీళ్ళలో నిలబెట్టి, అది ఊపిరి తీసుకునేదాకా పట్టుకుని, వదిలేశాడు. పాత ఈగని నా అరచేతిలో పెట్టాడు.

"ఇంకొకటి కనపడితే అన్నావు. ఇదిగో, కనపడింది. గొలుసు వేస్తావా?"

"చచ్చినదాని గొంతులో కనపడితే అన్నాను. ఇది బతికే ఉంది. వినేటప్పుడు సరిగ్గా విను."

నేను అలా అనలేదు, ఇంకొక్కటి అన్నానంతే. ఆ సంగతి అతనికీ తెలుసు. నవ్వకుండా తల ఊపాడు.

గొలుసుతో ఇప్పుడు కుక్కని కడుతున్నాను. డూగల్ డబ్బా మోయడం మానలేదు. అందులో పొడి చుట్టలు పెట్టుకుని, నా పాత ఫ్లానెల్ గౌను ముక్క వేసుకున్నాడు, గలగలలాడకుండా. తండ్రి ఉన్నిగుడ్డ బిళ్ళలు రెండూ బాగా ఎండబెట్టి నాకు తెచ్చి ఇచ్చాడు. వాటిని కుట్టి సూదులు గుచ్చుకోవడానికి దిండు చేసుకున్నాను. ఆ పాత ఈగ కూడా దానికే గుచ్చి ఉంది. ఆ దిండుని కిటికీలో ఎండ తగిలే చోట పెడతాను. డూగల్ వచ్చినప్పుడల్లా కుళాయి వైపు పోబోయి, ఆగి, కిటికీ దగ్గరికి పోయి, ఎండిందా లేదా అని వేలితో నొక్కి చూసి, అప్పుడు కుర్చీ లాక్కుంటాడు.